బొమ్మ వెనక ప్రశ్న

బుద్ధుందా నీకు, రిస్మన్ లాయె? కంప్యూటర్ కదలడం లేదని కరెంటు తీగ పీకేస్తావా? మనం ఒకరినొకరం లాయె అని పిలుచుకునే బావా బావమరుదులం, నువ్వు మా ఆవిడ తమ్ముడివి. పిల్లనిచ్చిన ఇంటివాళ్లని పల్లెత్తు మాట అనకూడదు, నాకూ తెలుసు. అయినా అంటాను. ఇవాళ అనకపోతే ఎప్పుడంటాను?

కూర్చో. లేవకు. తిరిగేది నేను తిరుగుతాను.

పదకొండేళ్లు! మన వంశ సంఘం గది తాళం రోజూ ఏడింటికి తీశాను. ఒక్కరోజు ఆలస్యమైందేమో చెప్పు. మంగాతుర్ తాత చెప్పిన పదిహేడు తరాల పేర్లూ, ఆయన గొంతుతో సహా, ఆ లినక్స్ కంప్యూటర్‌లో దాచాను. తాత పోయాడు. ఇక ఆ పేర్లు దానికే తెలుసు.

మొన్న శనివారం పెద్దలంతా బయట బెంచీల మీద కూర్చున్నారు కదా. మా అబ్బాయి పార్లిన్ ఇష్టపడ్డ పిల్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే మూలపురుషుడి సంతానమా? అయితే వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు, పెళ్లి లేదు. కాదని తాత చెప్పాడు, ఈ చెవులతో విన్నాను. కానీ పెళ్లికొడుకు తండ్రి మాట ఎవరు నమ్ముతారు? తాత గొంతు వినిపించాలి. అంతే పని.

కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద చర్చి బొమ్మ వచ్చింది. దాని కింద చుక్క తిరుగుతోంది. అరగంట. గంట. బయట దగ్గులు మొదలయ్యాయి. "లాయె, ఇది చచ్చింది" అన్నావు. పీకావు. మళ్లీ పెట్టావు. మళ్లీ బొమ్మే. మళ్లీ పీకావు!

మెదాన్ పట్నం నుంచి మెకానిక్కామె వచ్చి ఏం చేసింది? కీబోర్డు మూలనున్న ఒక్క మీట నొక్కింది. బొమ్మ తొలగింది. వెనక అన్నీ అక్షరాలు.

"అయ్యా, ఇది ఆగిపోలేదు. లేవగానే తన డిస్కు తాను సరిచూసుకుంది. చెడిన చోటు దొరికింది. బాగుచేయనా వద్దా అని అడిగి, జవాబు కోసం కూర్చుంది. డిస్కు పాడవుతోందని నెలలుగా రోజూ చెబుతూనే ఉంది. మీరే చూడలేదు. మధ్యలో రెండుసార్లు కరెంటు తీశారు, మిగిలిందీ పోయింది."

ఏంటలా చూస్తావు? ఆ బొమ్మ ఎవరు పెట్టారనా?

నేనే.

ఓసారి పెద్దలొచ్చినప్పుడు తెర మీద అక్షరాలు బిలబిలా పరిగెత్తాయి. "ఏమయ్యా గుమాస్తా, నీ పెట్టెకి వాంతులా?" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాడే బొమ్మ అడ్డం పెట్టించాను. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని!

ఇంకోటి కూడా చెప్పనీ. ఒక నకలు తీసి ఇమ్మని నువ్వు రెండేళ్ల కిందటే అడిగావు. వంశం పేర్లు సంతలో పంచుతామా అని కసిరాను. నీకు గుర్తుంది. అయినా నలుగురిలో ఆ మాట ఎత్తలేదు. నీ మంచితనం అది.

నువ్వు పీకింది తీగే, లాయె. తప్పు నాది.

ఆ శనివారం పెద్దలు మధ్యాహ్నం దాకా ఎదురుచూశారు. అనుమానం తీరలేదు కాబట్టి పెళ్లి లేదన్నారు. పిల్ల వాళ్లూ సరేనన్నారు.

పెళ్లి విందుకని తెచ్చిన పంది మా పెరట్లోనే ఉంది. రోజూ పొద్దున్నే పార్లినే మేత వేస్తాడు. నాతో మాట్లాడడు. దాంతో మాట్లాడతాడు.