సలోమమ్మ గోతిలో కొరడా దొర

సలోమమ్మ గోతిలో పడుకుని కొలత చూసుకుందంట. బతికుండగానే! నవ్వమాకండి, ముందు ఇనండి. మా నేల సంగతి మీకు తెలిసిందే గదా, నల్లరేగడి. వానాకాలం కాలు పెడితే మోకాలిదాకా దిగబడిద్ది, ఎండాకాలం గడ్డపార ఏస్తే ఆ గడ్డపారే ఎగిరొచ్చి మొహాన కొట్టిద్ది. అందుకని మన పల్లె పెద్దలు ఏం చేసేవాళ్ళంటే, మంచుకాలం ఎళ్ళేముందే, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, సమాధుల దొడ్డిలో ఒక గొయ్యి తవ్వి తాటాకులు కప్పి పెట్టేవాళ్ళు. ఆ ఎండాకాలంలో విశ్వాసుల్లో ముందు ఎవరు పోతే వాళ్ళది ఆ గొయ్యి. అదీ కట్టు. మరి రెండోవాళ్ళు పోతేనో అంటావా? వానలు పడిందాకా ఎవర్నీ పిలవమాకు తండ్రీ అని ఉపవాసముండి ప్రార్థన చేసేవాళ్ళు. చిత్రమేందంటే, ఆగేవాళ్ళు కూడా! సరే, ఆ ఏడు సలోమమ్మకి దగ్గు పట్టుకుంది. అట్టాంటిట్టాంటి దగ్గు కాదు, ఈమె దగ్గితే నాలుగిళ్ళవతల పిల్లకాయలు లేచి ఏడిచేవాళ్ళంట. ఈ ఎండాకాలం దాటదులే అని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అనుకుంది. అందుకని గొయ్యి ఆమె మొగుడు జకరయ్య పక్కనే తవ్వమంది. జకరయ్యకి అటుపక్క ఎవరున్నారు? వాళ్ళమ్మ. బతికినన్నాళ్ళూ ఆ అత్తగారు కొడుక్కీ కోడలికీ మధ్యన మంచం ఏసుకుని పడుకుంది, పోయినాక కూడా కొడుకు పక్క వదల్లా. ఇక మిగిలింది ఈ ఒక్క పక్కే. సలోమమ్మ కర్ర పట్టుకుని పోయి గోతిలో దిగి, పడుకుని, కాళ్ళు చాపి చూసుకుంది. మనిషి పొట్టిది, నాలుగున్నర అడుగులు కూడా ఉండదు. తవ్వేది హానోకు పెద్ద, జకరయ్యకి తమ్ముడి వరస. "వదినా, ఇంకో అడుగు పొడుగు తవ్వేదా?" అన్నాడంట. "ఎందుకయ్యా, ఇప్పుడు నేనేమన్నా పెరుగుతానా? శ్రమ దండగ" అంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అడుగుతా. తరవాత ఏమైందంటే, ఎవరో మిరియాల కషాయం ఇచ్చారు, దగ్గు తగ్గింది. ఎండాకాలం వచ్చేసరికి సలోమమ్మ పుల్లలేరుకుని మోపు నెత్తినెట్టుకుని వస్తంది! గొయ్యి మాత్రం తాటాకులు కప్పుకుని ఆమె కోసం చూస్తానే ఉంది.

అప్పుడు పోయాడమ్మా కొరడా దొర. ఎవరనుకున్నారు ఆయన! పన్నెండూళ్ళకి దొర. మీరు పేపర్లో నియంత, నియంత అని చదువుతారే, ఆ జాతి మనిషే, కాకపోతే మనకి దగ్గర్లో పుట్టాడు. ఆయన లేచిందాకా ఊళ్ళో కోడి కుయ్యకూడదు. పొద్దుగూకంగానే పుంజుల ముక్కులకి నారతాడు కట్టేవాళ్ళంట, దివాణంలో తలుపు చప్పుడైనాక ఇప్పేవాళ్ళు. కట్టు మరిచిపోతే కొరడా. కోడికి కాదు, కోడి గలవాడికి. మూడు బాటల కాడ తన బొమ్మ తనే పెట్టించుకున్నాడు. ఎండకి బొమ్మ తల వేడెక్కుద్దని, దానికి గొడుగు పట్టడానికి ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషే జకరయ్య. గొడుగు బొమ్మకి, ఎండ జకరయ్యకి. మూడో ఏడు రోహిణీకార్తెలో గొడుగు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే కూలిపోయాడు. పడేటప్పుడు కూడా గొడుగు కింద పెట్టలేదంటమ్మా, అంత భయం. సలోమమ్మ అప్పటికే దివాణంలో వంటమనిషి. మొగుణ్ణి పూడ్చిపెట్టిన మూడోనాడు మళ్ళీ పొయ్యి ఊదడానికి పోయింది, పోకపోతే కొరడా గదా. ఇట్టా ఉంటే ఒకేడు దొరకి విషజ్వరం వచ్చింది. ఏ మందుకీ తగ్గలా. మన గుళ్ళో వాక్యం చెప్పే అయ్యగారు పోయి ప్రార్థన చేస్తే తగ్గింది. నేనూ మీలో కలుస్తానన్నాడు దొర. కాదంటానికి ఎవరికి గుండె ఉంది? బాప్తిస్మమని కాలవలో ముంచారు. బయటికొచ్చి నీళ్ళు చల్లగా ఉన్నాయని కాలవ మీద కోప్పడ్డాడంట! ఇక ప్రతి ఆదివారం వచ్చేవాడు. మనమంతా చాపల మీద, ఆయనకి మట్టుకు అరుగు కట్టించి దాని మీద కుర్చీ. అయ్యగారు మోకరించండి అంటే గుడంతా మోకరించేది, దొర మీసం దువ్వుకుంటా కూర్చునేవాడు. "నేను పన్నెండూళ్ళకి పెద్దని, ఆయన పైన పెద్ద. పెద్దోళ్ళం మేం మేం చూసుకుంటాం" అనేవాడు. అది కాదు చోద్యం. ప్రార్థనలో దేవుడి రాజ్యం రావాలని అడుగుతాం గదా, ఆ మాట ఇని ఉలిక్కిపడ్డాడంట. "ఇక్కడ నా రాజ్యం ఉండగా ఇంకో రాజ్యం ఎట్టా వస్తది? ఎవరు పిలుస్తున్నారు?" అని. దాంతో ఆ ఒక్క ముక్క వచ్చేసరికి గుడి గుడంతా గుసగుసగా చెప్పుకునేది. గట్టిగా మొదలుపెట్టి, మధ్యలో గుసగుస, మళ్ళీ గట్టిగా. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో మన పల్లె రాగమనుకునేవాళ్ళు!

అట్టాంటి దొర పోయాడు. పోతా పోతా నన్ను సమాధుల దొడ్డిలోనే పెట్టండి అన్నాడంట. దొరసాని మంచిది, అయ్యగారింటికొచ్చి చేతులు కట్టుకుని చెప్పింది, "మావాళ్ళు మతం మారినోణ్ణి ముట్టుకునేది లేదన్నారు. మీరు పెడితే పెట్టండి, లేదంటే నేనేమీ అనుకోను" అని. దొడ్డిలో ఉన్నది ఒకే గొయ్యి. కట్టు ప్రకారం విశ్వాసి ఎవరు ముందు పోతే వాళ్ళది. మరి దొర విశ్వాసేనా? ఇదీ తగువు. గుళ్ళో కూర్చున్నారు. దొరవైపు తీతు మేస్టారు, ఎదురుగా హానోకు పెద్ద. ఇద్దరూ బావా బామ్మర్దులు, వరస మాత్రం పాము ముంగిస వరస. "నీళ్ళలో మునిగాడా లేదా?" అన్నాడు మేస్టారు. "మా బర్రె రోజూ మునిగిద్ది బావా, దాన్నీ విశ్వాసుల్లో రాద్దామా?" అన్నాడు హానోకు. "గుడికి గంట ఇచ్చాడయ్యా!" "గంట మీద ఎవరి పేరుందో చదువు. చదువుకున్నోడివి గదా." "ఆదివారం ఆదివారం దేవుడి పేరు తలిచాడా లేదా?" "తలవకేం! ఆయన కొరడా ఎత్తినప్పుడల్లా అయ్యో దేవుడా అని ఊరు ఊరంతా తలిచేది." "సిలువ మీద దొంగ ఆఖరి గడియలో పరలోకంలోకి పోలా?" "ఆ దొంగ తప్పు ఒప్పుకున్నాడు బావా. ఈయన కాలవ చేత ఒప్పించాడు!" ఇట్టా ఆ పగలు గడిచింది. మొదటిరోజు దొర బిగుసుకుపోయి పట్టెకర్రలాగా ఉన్నాడు. రెండోరోజుకి ఊరంతా అత్తరు వాసన, అత్తరు వెనక ఇంకో వాసన. తగువు మట్టుకు తెగలా.

సలోమమ్మ గుంజకి ఆనుకుని కూర్చుని ఇంటంది. ఆమె కడుపులో ఏముందో మీకు చెప్పక్కర్లేదు. దొర విశ్వాసి అని తేలితే, జకరయ్యని చంపినోడే జకరయ్య పక్కన పడుకుంటాడు. కాదని తేలితే ఆ చోటు తనది. హానోకు ఒక్కో మాట ఏస్తా ఉంటే లోపల స్తోత్రం, స్తోత్రం అనుకుంటందంట. అంతలో అయ్యగారు, "ఇరవై ఏళ్ళు వండిపెట్టిన మనిషి ఇక్కడుండగా మనం వాదించుకోవటం ఏంది? సలోమమ్మా, ఎవరూ చూడనప్పుడు ఆయన ఎట్టా ఉండేవాడో నీకు తెలవాల. సాక్ష్యం చెప్పు" అన్నాడు. హానోకు సంబరపడ్డాడు, "చెప్పు వదినా, గట్టిగా చెప్పు!" అని. సలోమమ్మ లేచింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. నోరు తెరిచింది, మూసింది. ఎందుకంటే ఆమెకి తెలుసు తల్లీ. ఇంకెవరికీ తెలవంది ఆమెకి తెలుసు. కాదు అనే ఒక్క ముక్క అంటే సరిపోద్ది, అడిగేవాడు లేడు. ఆఖరికి అంది, "మనం ఎసట్లో పోసేముందు దేవుడికని పిడికెడు బియ్యం తీసి కుండలో ఏస్తాం గదయ్యా. దివాణంలో నేనూ ఒక కుండ పెట్టా. ఒకరోజు దొర వంటింటి గడపలోకొచ్చి అదేందే అన్నాడు. చెప్పా. గోడవైపు తిరగవే అన్నాడు. తిరిగా. బియ్యం కుండలో పడ్డ చప్పుడు ఇనపడింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. పోయిందాకా, రోజూ. ఒక్కరోజు తప్పలా. ఎవరికైనా నా పేరు చెప్పావో నాలుక కోస్తానన్నాడు. ఊళ్ళో రాయికీ రప్పకీ పేరు చెక్కించినోడు, దానికొక్కదానికీ పేరొద్దన్నాడు. ఆ కుండే ఆదివారం నేను మోసుకొచ్చేదాన్ని. నా మొగుణ్ణి చంపాడు, అదీ నిజమే. ఇదీ నిజమే. అబద్ధం చెప్పి ఆ గోతిలో పడుకుంటే నా మొగుడు అటు తిరిగి పడుకుంటాడు" అని కూలబడి ఏడ్చింది.

హానోకు మెల్లగా, "పిడికెడంటే... నిండు పిడికెడేనా వదినా?" అన్నాడు. సలోమమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడయ్యా! పిడికిలి బిగబట్టుకుని తీసేవాడు. సగమే" అంది. హానోకు తొడ చరిచాడు. "అదీ! సగం పిడికెడుకి సగం విశ్వాసి." "సగం మనిషిని పూడ్చలేం గదా బావా!" అన్నాడు మేస్టారు. అయ్యగారు లేచి, "విశ్వాసాన్ని తూచే తక్కెడ మన దగ్గర లేదు. కట్టు ఉంది. గొయ్యి ఆయనది" అన్నాడు. అంతే. దొర తనకోసం ఎప్పుడో చేయించుకున్న టేకు పెట్టె తెచ్చారు. ఏడడుగులు, ఇత్తడి మూలలు. పన్నెండుమంది మోసుకొచ్చి తాటాకులు తీశారు. తీస్తే ఏముంది? నాలుగున్నర అడుగుల గొయ్యి! హానోకు గడ్డపార తీసుకుని ఒక్క పోటు పొడిచాడు, నిప్పురవ్వలు లేచాయి, రేగడి మట్టుకు లేవలా. "నేనడిగానా లేదా వదినా, ఇంకో అడుగు తవ్వేదా అని?" అని గోలపెట్టాడు. "నా కొలతకి తవ్వమన్నా, దొర కొలత నాకేం తెలుసు!" అంది ఆమె. పెట్టె ఆపక్కన పెట్టి, మనిషిని గుడ్డలో చుట్టి దింపారు. కాళ్ళు బయటే ఉన్నాయి. అయితే రెండురోజుల తగువు ఉత్తినే పోలేదు, బిగుసుకున్న దొర ఈలోపు మెత్తబడ్డాడు. ఒకపక్కకి ఒత్తిగిల్లబెట్టి, మోకాళ్ళు మడిస్తే అప్పుడు పట్టాడు. సరిగ్గా పట్టాడు. తల వంచుకుని, మోకాళ్ళు మడుచుకుని, జకరయ్య వైపు తిరిగి. ఆ గోతిలోకి తొంగిచూసి ముందు నవ్వింది ఎవరనుకున్నారు, సలోమమ్మే. "మోకరించాడయ్యా! ఎట్టాగైతేనేం, మోకరించాడు. అదీ నా మొగుడి ముందు!" అందంట. అని ఊరుకుందా? గబగబా మూడు బాటల కాడికి పోయి, బొమ్మకి పట్టే ఆ గొడుగు లాక్కొచ్చి జకరయ్య తలాపున పాతింది. ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ గుసగుస ముక్క ఉందే, దాన్ని గుడంతా ఎట్టా అరిచి చెప్పిందంటే, ముక్కులిప్పిన పుంజులన్నీ బెదిరి ఒక్కసారి కూశాయంట.

సలోమమ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. శ్రావణంలో పోయింది, వాన వెలిసి నేల వెన్నలాగా ఉంది. ఆమె చెప్పినట్టే జకరయ్య తలాపున పెట్టారు, గొడుగు పక్కన, అత్తగారి చెయ్యి అందనంత దూరంలో. దొర పరలోకానికి పోయాడా లేదా అని నన్నడక్కండి. హానోకు, తీతు ఇద్దరూ పైకి పోయారు, వాళ్ళు అక్కడ కూడా ఇంకా తేల్చి ఉండరు. ఒకేళ దొర అక్కడ ఉన్నా కుర్చీ మట్టుకు ఉండదు, అది నేను రాసిస్తా. ఆ టేకు పెట్టె ఏమైందంటావా అక్కా? అదుగో, నీ ఎనకమాలే ఉంది, ఇత్తడి మూలలది. మీరంతా ఆదివారం ఆదివారం పిడికెడు బియ్యం పోసేది దాంట్లోనే. అబ్బ, ఉలిక్కిపడమాకు, ఎవరూ పడుకోని పెట్టెలే! పోయండి, లేవండి, ఒక్కొక్కళ్ళూ పోయండి. పిడికిలి మాత్రం బిగబట్టమాకండి. మన దొడ్డిలో గొయ్యి ఎవరి కొలతకి తవ్వి ఉందో ఎవరికెరిక.