తరగతికి వెన్ను చూపని పంతులమ్మగారు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూన్ పదమూడవ తేదీ, సోమవారం ఉదయం మా పాఠశాల హాజరు పట్టికలో ఒక కొత్త సంతకం చేరింది. నాటి నుండి ముప్ఫై ఆరు సంవత్సరాల పాటు మూడవ తరగతి గదినే తమ కర్మక్షేత్రంగా భావించి, అక్షరదీక్షను అవిచ్ఛిన్నంగా కొనసాగించిన మా తెలుగు పంతులమ్మగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పక్క గదిలో లెక్కలు చెప్పినవాణ్ణి గనుక ఆమె గొంతును అందరికంటే ఎక్కువగా విన్నది నేనేనని భావించి, పాఠశాల వీడ్కోలు సంచికవారు ఆమె గురించి రాసే బాధ్యతను నాకు అప్పగించారు. నిజానికి ఆమె గొంతును నేను విన్నది తక్కువ. నా గొంతును ఆమె భరించిందే ఎక్కువ.

తొలి సంవత్సరాలలో ఆమె క్రమశిక్షణకు పెట్టింది పేరు. ప్రతి శుక్రవారం ఉక్తలేఖనం ఉండేది. పుస్తకం చేతబట్టి బెంచీల మధ్య నడుస్తూ ఆమె పదాలు చదివేవారు, పిల్లలు తలవంచుకుని రాసేవారు. “ఒకసారే చెబుతాను, చెవులు రిక్కించి వినండి” అన్నది అప్పటి ఆమె నియమం. ఆ నియమాన్ని మేమందరం మెచ్చుకున్నాం, నేను మరీనూ.

ఆమె సర్వీసులో తొమ్మిదవ ఏట ఆ నియమం తలకిందులైంది. చివరి బెంచీలో ఒక దర్జీ అమ్మ కూతురు కూర్చునేది. ‘సముద్రంలో చేపలు’ అని చెబితే ‘అముద్రంలో తేపలు’ అని రాసేది. వెనుక నుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. అప్పటికే ఒక ఏడు తప్పింది, మళ్లీ తప్పితే బడి మాన్పించి గుండీలు కుట్టే పనిలో పెడతానని తల్లి తేల్చి చెప్పింది. ఆ పిల్ల ప్రగతి పత్రంలో నేను ఎర్ర సిరాతో ‘శ్రద్ధగా వినదు’ అని రాసి ఉన్నాను.

మార్చి నెలలో ఉత్తీర్ణుల జాబితా కోసం ప్రధానోపాధ్యాయుల వారి గదిలో సమావేశమయ్యాం. ఆ పిల్ల పేరు రాగానే నా నోరు ఊరుకోలేదు.

“ఆ పిల్లకి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనండీ!”

అందరూ నవ్వారు. పంతులమ్మగారు మాత్రం నవ్వలేదు.

“మాస్టారూ, మీరు సామెత చెప్పారా, సంగతి చెప్పారా?”

“ఏదో మాటవరసకన్నానండీ.”

“మాటవరసకే అయినా, రెండేళ్లుగా మనకెవరికీ తట్టనిది మీ నోట వచ్చింది.”

మర్నాడు ఆమె ఆ పిల్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి పది పదాలు చెప్పారు. ఎనిమిది ఒప్పులు వచ్చాయి. అక్కడే నిలబడి, హాజరు పట్టికను మొహానికి అడ్డం పెట్టుకుని మరో పది చెప్పారు. రెండే వచ్చాయి. అంతకాలమూ ఆ పిల్ల సగం చెవులతో, సగం కళ్లతో వింటోందన్నమాట.

కబురు అందుకుని తల్లి వచ్చింది.

“ఎదురుగా ఉంటే ఠక్కున పలుకుతుందండీ. వంటింట్లోంచి పిలిస్తే మాత్రం ఉలకదు, పలకదు. మొండిదనుకుని రెండు తగిలించాను కూడా.”

“మీరొక్కరే కాదమ్మా. పొగరనుకుని నేను గుమ్మం బయట నిలబెట్టాను” అన్నారు పంతులమ్మగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ప్రధానోపాధ్యాయుల వారు జూన్‌లో మళ్లీ పరీక్ష రాయడానికి అనుమతించి, వేసవి సెలవుల్లోనూ తరగతి పెట్టుకోనిచ్చారు. చెవి డాక్టరు పరీక్షించి, ఆ పిల్లకు బరువైన శబ్దాలు వినపడతాయనీ, స, చ, శ వంటి సన్నని శబ్దాలు అందవనీ చెప్పారు. మాట వినపడినట్టే ఉంటుంది, సగం అక్షరాలు చేరవు. చెవికి మిషన్ వచ్చింది. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాం. తీరా చూస్తే ఆ మిషన్ పాఠాన్నే కాక ఫ్యాను చప్పుడునూ, బెంచీల కీచులాటనూ, గోడ అవతల వేసవి తరగతి తీసుకుంటున్న నా గొంతునూ కూడా పెంచి వినిపించింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల అలిసిపోయి బెంచీ మీద వాలిపోయేది. బద్ధకం కాదు, వినీ వినీ వచ్చిన అలసట.

“టీచర్, మీరు నది అంటుంటే, మాస్టారి ఏడు తొమ్మిదులు వచ్చి ముంచేస్తున్నాయి” అందట ఒకనాడు.

ఆ ఫిర్యాదుతో పంతులమ్మగారు నా గుమ్మంలోకి వచ్చారు.

“కొంచెం గొంతు తగ్గించండి మాస్టారూ.”

“అరవకపోతే ఎక్కాలు ఎక్కుతాయా అండీ?”

“ఎక్కుతాయి. తగ్గించి చూడండి.”

రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తగ్గించాను. ఎక్కాలు బాగానే ఎక్కాయి. మా ఇంటావిడ కూడా ఈ పరిణామాన్ని హర్షించింది.

అటెండరు చేత పాత చెప్పులు కోయించి, బెంచీల కాళ్లకు కొట్టించారామె. బెంచీలకు చెప్పులు తొడిగిన మహాతల్లి అని నేనే వేళాకోళం చేశాను. నల్లబల్ల మీద రాస్తున్నంతసేపూ మాట్లాడేవారు కారు. రాసి, సుద్ద కింద పెట్టి, తిరిగి, అప్పుడు చెప్పేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

జూన్ పరీక్షలో ఇరవై పదాలకు పదిహేడు ఒప్పులు వచ్చాయి. సముద్రానికి దాని ‘స’ దక్కింది. ఆ పిల్ల నాలుగో తరగతిలోకి వెళ్లింది. ప్రగతి పత్రంలో నా ఎర్ర సిరా మాటను నేనే కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను దిద్దిన ఉత్తమమైన తప్పు అదే.

తదనంతరం ప్రాథమిక విభాగానికి అధిపతిగా ఉంటూ కూడా ఆమె మూడవ తరగతిని వదలలేదు. ఏటా జూన్‌లో కొత్త పిల్లలందరినీ హాజరు పట్టిక చాటు నుంచి స్వయంగా పిలిచి చూసేవారు. కొందరికి చెవిలో గుబిలి, కొందరికి జలుబు, అయిదుగురికి మాత్రం నిజంగానే లోపం బయటపడింది.

మొన్న కిటికీ పక్కగా వెళుతూ చూశాను. రాసి, సుద్ద పెట్టి, తిరిగారు. బయటికి వచ్చాక అడిగాను.

“ఈ ఏడు మీ తరగతిలో అలాంటి పిల్లలు లేరు కదండీ, ఇంకా ఎవరి కోసం?”

“లేరని మీకెలా తెలుసు మాస్టారూ? ఆ పిల్లనీ రెండేళ్లు అలాగే అనుకున్నాం.”

ఈ వ్యాసాన్ని వీడ్కోలు సభలో నేనే చదవాలట. ముందు వరుసలో, ఇప్పుడు గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్న ఆనాటి దర్జీ అమ్మ కూతురు కూర్చుంటుంది. పంతులమ్మగారూ, మీరు పరిపూర్ణ ఆరోగ్యంతో, మీవారి మధ్య, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం కాగితం కిందికి దించి, మీ ఇద్దరికీ నా మొహం కనబడేటట్టు నిలబడి, మెల్లగా, మూడుసార్లు చెబుతాను.