కాంగో అని కొట్టను

రెండువేల సంవత్సరం. ప్రతివాడూ ఒక వెబ్‌సైటు పెట్టేస్తున్న రోజులు. దేశం కాని దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో మధుసూదనరావుగారి ఫ్లాటు. బల్లమీద మూడు ఇనుప ఈటెమొనలు. ఆయనింట్లో గది అద్దెకు తీసుకున్న అరుంధతి కంప్యూటరు ముందు కూర్చుని, చేతులు కట్టేసుకుంది.

"ఆగావేం అమ్మాయ్? 'చేత్తో చేసిన ఆఫ్రికా ఈటె. కాంగో. నూట ఇరవై ఏళ్ళనాటిది.' ఇంగ్లీషులో కొట్టెయ్."

"కొట్టను అంకుల్."

"ఏం, స్పెల్లింగ్ రాదా?"

"స్పెల్లింగ్ వస్తది. గా ఈటె కాంగోది కాదు."

"రాఫెల్స్ ప్లేస్ నుంచి బ్యాంకాయన నాలుగింటికల్లా వస్తాడు! పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టాలి. మన సైటుకి మొదటి బేరం. ఇప్పుడా నీ..."

"ముందుగల్ల ఇటు చూడున్రి. ఈ మొదటిది సుత్తె ముఖమే చూడలే. అచ్చుల పోసిండ్రు. అంచు పొంటి మిషన్ గీతలు, అన్నీ ఒక్క తీరుగ."

"దాన్ని వదిలెయ్. రెండోది వంకర, అదీ వదిలెయ్. మూడోది చూడు, మూడోది!"

"వంకరనా? అసలుది గదే అంకుల్! కుడి సగం లోతున్నది కదా, తిప్పున్రి. ఈ పక్క కూడ కుడి సగమే లోతు. రేకు పలచగున్నా వంగొద్దని గట్ల కొడ్తరు. కర్ర దూర్చే గొట్టం చూడున్రి, అతుకు తెరిచే ఉన్నది. దీన్ని మీరు పాత ఇనుం ధరకి పెట్టిన్రు."

"ఆఫ్రికా ఎప్పుడెళ్ళొచ్చావేంటి నువ్వు?"

"పోలే. సుత్తెదెబ్బ చూస్తే తెలుస్తది. మాది కమ్మరోళ్ళ ఇల్లు."

"కమ్మరోళ్ళా? మీ నాన్నది హార్డ్‌వేర్ అన్నావు కదా!"

"ఇనుమే గద అంకుల్."

"నేను కంప్యూటర్లనుకున్నానే! ఆంటీతో కూడా అదే చెప్పాను!"

"మీరట్ల అనుకుంటే నేను కాదన్లే. మూడు నెలల సంది మీ ఇంట్ల గట్లనే తిరిగిన. ఇప్పుడు సిగ్గైతున్నది."

"సరే, సరే. ఆ మూడోదాని తుప్పు చూడు. నూట ఇరవై ఏళ్ళ తుప్పు అది!"

"ఉప్పునీళ్ళు పోసి పేడగుంటల పాతిపెడితే ఆర్నెల్లకొస్తది. అయితే ఇది చేత్తో కొట్టిందే. మంచిగ కొట్టింది. గొట్టం అతుకు ఏడుందో చూపెట్టున్రి."

"అతుకేదీ... కనబడట్లేదే."

"కనబడది. కొలిమిల తెల్లగ కాల్చి మూసేసిండ్రు. పార చేసేటోళ్ళ అలవాటది. అతుకు తెరిచి పెడితే మా దిక్కు రైతు ముట్టడు, కర్ర ఊడ్తదంటడు. ఆఫ్రికా ఈటె చెయ్యమంటే పార చేసినట్టు చేసిండ్రు."

"ఎవరు చేసిండ్రు? ఛ, నీ మాటే నాకూ వచ్చేస్తోంది. ఎవరు చేశారు?"

"జగిత్యాల దిక్కు మా ఊళ్ళె చేసిండ్రు. అప్పయ్య కొలిమి. అప్పయ్య మా నాయిన."

"అసాధ్యం! నేను బొంబాయి సేటు దగ్గర కొన్నాను."

"ఆ సేటు మనిషే తొంభైమూడుల, ఎండకాలం వచ్చిండు. నాటకాల కంపెనీకి అన్నడు. నమూనాకి అసలుదొకటి తెచ్చిండు, అచ్చం ఈ రెండోదాని తీరు. పన్నెండు కొట్టిచ్చుకపోయిండు."

"మెల్లగా! ఆంటీ వింటుంది. చూడమ్మా, ఇది మనిద్దరికే తెలుసు. ఆ బ్యాంకాయనకి ఈటెకీ గరిటెకీ తేడా తెలీదు. కాంగో అని కొట్టెయ్."

"కొట్టను."

"నా ఇంట్లో ఉంటూ..."

"మీ ఇంట్ల ఉండుకుంటనే."

"అయితే రేపు గది ఖాళీ చెయ్. చూద్దాం, బిషాన్‌లో ఇస్తారేమో ఇంత చవగ్గా!"

"చేస్త. ఒక్కటే సూట్‌కేసు. రైలెక్కి పోత."

"పంతం! ఒట్టి పంతం! రేపు మీ ఆఫీసులో తెలిస్తే? కొలిమి ఊదినవాళ్ళ పిల్ల అనరూ?"

"అననియ్యి. నేనే చెప్త సోమవారం."

"మీ నాన్నకి మాత్రం నామోషీ కాదూ, నకిలీలు చేశాడని?"

"ఈటెకేం తక్కువైంది అంకుల్? నకిలీ అంటే ఆ తుప్పు, మీరు పెట్టిన పేరు. కడిగితే కింద దెబ్బలు మంచిగున్నయి."

"అదిగో బెల్లు! వచ్చేశాడు! ఇదేంటి, ఏం కొడుతున్నావ్?"

"ఉన్నదే కొడుతున్న. రెండోదాని అసుంటిది కాంగోదని నమూనా తెచ్చినాయన అన్నడు, గది నిజమో కాదో నాకు తెల్వది, అందుకే దానికి ఆఫ్రికా అని రాసిన, అంతే. మూడోదానికి, 'చేతిపని, జగిత్యాల, తొంభైమూడు'. మీకు నచ్చకుంటే తుడిచెయ్యున్రి, నేనైతే తుడవ."

"మళ్ళీ బెల్లు. వస్తున్నానండీ! ఇదేంటి కింద... 'చేసినవారు: అరుంధతి'? తప్పు పడింది చూడు. మీ నాన్న పేరు కదా రాయాలి?"

"నాయిన పేరెట్ల రాస్త అంకుల్? ఆ ఎండకాలం ఆయన చెయ్యి కాలి మంచంల ఉండె. పన్నెండూ కొట్టింది నేను."