సులభంగా తేలుతుంది

కాఫీ వద్దు బాబూ, మాట దాటెయ్యకు. ఆ పిల్ల థీసిస్ మూడు నెలలుగా నీ సొరుగులోనే మగ్గుతోందట, నిజమేనా?

తప్పులున్నాయా? ఏ పేజీలో? చూపించు మరి... చదవనే లేదు కదూ!

నా పరువు కాపాడుతున్నావా? ఎవరడిగారయ్యా నిన్ను? హెడ్డువి అయితే అయ్యావు, నా దగ్గర చదువుకున్నవాడివేగా!

అవును, ఆ పిల్ల థీసిస్‌లో తెరిచి చూపించిన తాళం నాదే. సందేశాల్ని అంకెల్లో దాచే పద్ధతి, ఇరవై రెండేళ్ల కిందట నేనే కట్టాను. దాని పేరు చెప్పుకుని ఈ డిపార్ట్‌మెంట్ ఇన్నాళ్లూ కాలరెగరేసింది. అయితే?

నా పేపర్ తియ్. నిరూపణలో నాలుగో స్టెప్పు. ఏం రాశాను? 'ఇది సులభంగా తేలుతుంది'. మన లెక్కలవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది! చదివినవాడు అర్థంకాలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. నువ్వూ క్లాసులో తల ఊపావు.

ఆ పిల్ల ఊపలేదు. నా గదికొచ్చి, 'ఎలా తేలుతుంది మేడమ్?' అంది. బోర్డు మీద గంటన్నర తంటాలు పడ్డాను. తేలితేగా! ఆర్నెల్లు తిరక్కుండా అక్కణ్ణించే తాళం తెరిచి చూపించింది. మామూలు కంప్యూటర్ మీద, ఇరవై నిమిషాల్లో!

శుక్రవారంలోగా పట్టా చేతిలో లేకపోతే దానికొచ్చిన ఉద్యోగం పోతుంది. నా పరువు కోసం దాని బతుకు ఆపుతావా?

ఆ తాళం వాడేవాళ్లా? పొద్దున్నే అందరికీ రాసేశాను, వెంటనే మార్చుకోండని. అలా గుడ్లప్పగించి చూడకు. ఫోన్లొస్తే నాకే ఇవ్వు, నేనే చెప్తాను.

పొరపాటా? కాదు నాయనా. ఆ స్టెప్పు తేలలేదని నాకప్పుడే తెలుసు. మర్నాడే ప్రమోషన్ ఇంటర్వ్యూ. ముందు పంపేద్దాం, తర్వాత చూసుకుందాం అనుకున్నాను. తర్వాతన్నీ బహుమతులు, చప్పట్లు. ఇంక చూసే ధైర్యమేదీ!

భయం వెయ్యలేదా అంటావా? వేసింది. ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని ఇరవై రెండేళ్లు హడలి చచ్చాను. ఆ పిల్ల అడిగిన రోజు మాత్రం ఇంటికెళ్లి, ఒళ్లు తెలీకుండా నిద్రపోయాను.

సిగ్గులేదనుకుంటావా? అనుకో. సంతకం పెట్టి, తర్వాత అనుకో.