సౌండ్ రాని ఫైలు

గట్ల మీద మీద పడితె ఎట్ల వెంకట్రాజం మామా? కంప్యూటరేమన్న నీ జంపఖానా మగ్గమా, గట్టిగ తొక్కితె ఉరుకుతందుకు? కన్వర్ట్ అయితాంది. వీడియో కావాల్నా, వద్దా? ఆఁ, కావాలె గదా. మరి కూసో. అరె, ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతది. ఇటు కూసో.

పెన్‌డ్రైవుల ఏసియ్యి అంటవ్. ఏస్త. కాని ముందుగాల ఈ పాతదాంట్ల గా ఫైలు ఓపెన్ కావాలె గదా! కెమెర కొత్తది, కంప్యూటర్ ముసల్ది. దాని మాట దీనికి సమజ్ కాదు. దీనికి సమజయ్యే తీరుల మార్చాలె, గప్పుడు కట్ చేసుడు, పాటలేసుడు. నడుమ మౌస్ ముట్టుకున్ననా, హ్యాంగ్. మల్ల మొదటికే.

నీ బిడ్డ సంబంధం ఖాయమైన పూలుపండ్ల వీడియో నాకు ముఖ్యం కాదా మామా? వియ్యపోల్లు ఫోన్ జేస్తాండ్రా? చెయ్యనియ్యి. లగ్గం ఇంక నెలుంది గదా, గింత తొందరేంది?

ఇంటికి పోయి మల్ల వస్తవా? ఎందుకు మామా, గిప్పుడే ఐపోతది. ఈ ఎండల కాశిబుగ్గ చౌరస్త దాక పోవుడు, వచ్చుడు... చాయ తెప్పిస్త, ఉండు.

అడ్డమా? నేనేం అడ్డం నిలవడలె. ఊకెనే నిలవడ్డ.

జరాగు, ఫోనొస్తాంది... ఆఁ అత్తా. చెప్పు. ఎక్కిందా? మేడం ఎంబడే ఉన్నదా? ఆటో కదిలిందా? సరే. ఏడ్వకత్తా. మామ ఈడనే ఉన్నడు. నేను చెప్త.

అవు మామా. సోమక్క అత్తనే. మీ ఇంటామెనే.

కూసో. నీ కాల్మొక్త, లేవకు. కన్వర్టయ్యుడు మొన్ననే ఐంది.

చెప్త, చెప్త. పూలుపండ్లనాడు మీ ఇంట్ల, కెమెరను లోపలి అర్రల స్టాండు మీదనే ఇడిసిపెట్టి నేను అన్నం బంతికి పోయిన. బంద్ జేసుడు యాది మర్సిన. తెల్లారి ఈడికొచ్చి ఫైలు మారిస్తె బొమ్మ వచ్చింది, సౌండ్ రాలె. దీంట్ల ఒక్కోపారి గట్లయితది. నేను ఫికర్ జెయ్యలె. ఎట్లయిన పాటలేసేటిదే గదా, సౌండెవనికి కావాలె?

ఫైలు ఆఖర్ల చూస్తె నీ బిడ్డ మహిత ఒక్కతే. పట్టుచీర, జడనిండ పూలు. తలుపు దగ్గరికేసి వచ్చి కెమెర ముంగట నిలవడ్డది. సీదా నా దిక్కే చూస్తాంది మామా! పెదవులు కదుల్తానయ్. సప్పుడు లేదు.

నిజం చెప్పాల్నా? సౌండ్ రాలేదని ఖుషైన. ఇనకపోతె నాకు తెల్వనట్టే గదా. గా ముక్క కోసేస్త, పాట కలుపుత, నీ చేతుల పెడ్త, ఐపాయె. ఈ రూము నీది. బయట బోర్డు మీద నా పేరుంది గని, గోడలు నీయి. నీతోని పెట్టుకోని నేను ఏడ బతుకుత?

కోసేద్దామని కుర్సీల కూసున్న. చెయ్యి రాలె. అన్నం ముంగట కూసుంటె గవ్వే పెదవులు, రోడ్డు మీద పోతాంటె గవ్వే పెదవులు. ఇంకో సాఫ్ట్‌వేరేసి మల్ల మార్చుడు వెట్టిన. తెర మీద గా పచ్చగీత మెల్లగ జరుగుతాంది. బంద్ చేద్దామంటె చెయ్యలేను, లేసి పోదామంటె పోలేను. కుర్సీకి ఎవరో నన్ను తాళ్లతోని కట్టినట్టే ఐంది మామా.

సౌండొచ్చింది.

“హరన్నా, ఇది చూసేది నువ్వే గదా” అంటాంది. “నాయిన నా ఫోను గుంజుకున్నడు. కాలేజి మాన్పిచ్చిండు. నర్సింగు ఇంక ఈ ఒక్క యేడాదే. ఇప్పుడు లగ్గం వద్దంటె ఇనేటోల్లు లేరు. మా కాలేజి సుకన్య మేడంకు చెప్పన్నా. నేను పరీక్ష రాస్త అని చెప్పు.”

పోయి చెప్పిన. మేడంకు చెప్పిన, అత్తకు గూడ చెప్పిన. అత్త నన్ను తిడ్తదనుకున్న. తిట్టలె. కొంగు నోట్ల కుక్కుకోని జరసేపు ఏడ్చి, “ఆయన ఇంట్ల లేనప్పుడైతె తలుపు తీస్త” అన్నది. అందుకే నిన్ను ఈడ కూసోవెట్టిన. అత్తనే బట్టలు సదిరి, సంచి చేతికిచ్చి పిల్లను మేడం ఎంబడి ఆటో ఎక్కిచ్చింది.

హాస్టల్ మామా, కాలేజి హాస్టలే! ఎవనెంబడో లేసిపోలె. మేజరు పిల్ల, చదువుకుంటందుకు పోయింది.

కాలర్ ఇడువు. కొడ్తె కొట్టు, కాలర్ ఇడువు మామా.

ఇజ్జత్ పోయిందా? ఏమో. వియ్యపోల్లకు ఏం జవాబిస్తవో నాకు తెల్వది. నా దగ్గర జవాబుంటె గిన్ని దినాలు కంప్యూటర్ మీదికి నెట్టుకుంట కూసుంటనా?

రూము ఖాళీ చెయ్యాల్నా? చేస్త. గిది అంటవని ముందే ఎరుక. కెమెర, లైట్లు, ఈ డబ్బా... ట్రాలీల పడ్తయ్. నువ్వు చెప్పినంక ఈ వాడల ఇంకెవరిస్తరు నాకు రూము? ధర్మసాగర్ పోయి మా బావ ఇంట్ల పడుంట. ఏం చేస్తం.

పోతవా? పో. ఇంక నేను అడ్డం రాను.

కాని మామా... గిదంత నా నోట ఇన్నవ్. నా నోట ఇంటె నీకు నా మీదనే కోపమొస్తది. ఒక్కపారి పిల్ల నోట ఇనరాదు? ఎవరు చూడరు. షట్టర్ సగం దించుత.

...కూసో. ఇటు దగ్గరికి జరుగు. ఫ్యాన్ గూడ బంద్ చేస్త, దాని సప్పుడుకు ఇనపడది. మెల్లగ మాట్లాడింది మామా. పక్క అర్రల నువ్వున్నవని.