పదిహేనో కేక

నా పేరు, చిరునామా మీరు పై గడుల్లో రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పని, పంతొమ్మిదేళ్ళుగా. అదిగాక ప్రతి ఆదివారం మా అత్తయ్యతో కలిసి ఒక దెయ్యం సినిమా చూస్తాను. అది ఎలా ఉంది, ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అనేది ఇద్దరం మాట్లాడుకుంటూ ఫోన్‌లో రికార్డు చేసి పంపుతాం. వినేవాళ్ళు తొమ్మిది వేల మంది పైనే. వాళ్ళకు నేను దిండక్కను. ఆ పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పమన్నారు కనుక చెబుతున్నాను.

మేము సినిమాకు చుక్కలు వేయము, దిండ్లు వేస్తాము. ఒక దిండు అంటే అన్నం తింటూ చూడొచ్చు. మూడు దిండ్లంటే మధ్యలో మంచినీళ్ళకు లేవడానికి తోడు కావాలి. ఐదు దిండ్లకు ఇప్పటిదాకా రెండు సినిమాలే నోచుకున్నాయి. మా పని భయపెట్టడం కాదు. ఎవరికి ఏ భయం సరిపడుతుందో చూసి చెప్పడం. షాపులో పవర్ చూడటం లాంటిదే. ఒకావిడకు బొమ్మలంటే పడదు, ఒకాయన కుక్క చచ్చిపోతే తట్టుకోలేడు, నీళ్ళంటే భయమున్న పిల్ల ఒకతి ఉంది. అందరికీ ముందే చెబుతాము. రాసుకుంటున్న స్టేషన్ రైటర్ గారు మధ్యలో అడిగారు కనుక చెబుతున్నాను: కొత్తగా పెళ్ళయినవాళ్ళకు రెండు దిండ్ల సినిమా మంచిది.

అత్తయ్య వయసు డెబ్భై ఒకటి. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. దేనికీ భయపడరు. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయన దేనికైనా భయపడతాడు. ఆదివారం డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటాడు.

మేము ఉండేది నాలుగంతస్తుల బిల్డింగులో మూడో అంతస్తు. మా కింద, రెండో అంతస్తులో, లెక్కల మాస్టారు ఒక్కరే ఉంటారు. వయసు అరవై ఎనిమిది. మా సినిమాల కేకల మీద ఇదే స్టేషన్‌లో ఆయన రెండుసార్లు ఫిర్యాదు ఇచ్చారు. ఆ రెండుసార్లూ మేము వచ్చి, సౌండ్ తగ్గిస్తామని చెప్పి వెళ్ళాము. తగ్గించాము కూడా. కొంచెం.

ఇప్పుడు జరిగింది చెబుతాను. ఈ నెల మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు మా తలుపుకు తాళం వేసి, నేనూ అత్తయ్యా మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాము. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళాడు, ఆదివారం రాత్రికిగానీ రాడు. తిరిగి వచ్చింది ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు. తాళం తీసి, కిటికీలు తెరిచి, సరిగ్గా పది గంటలకు సినిమా పెట్టాము. అందులో ఒక పాత కుట్టుమిషను దానంతటదే కుడుతూ ఉంటుంది. పొద్దున లేచేసరికి ఇంట్లోవాళ్ళ బట్టల చేతులు మూసి కుట్టేసి ఉంటాయి. తల్లి, ఇద్దరు కూతుళ్ళు. బాగుంది.

పది ఇరవై ఐదుకు అత్తయ్య చెయ్యి ఎత్తారు.

“అమ్మాయ్, ఆపు.”

“ఏమైంది అత్తయ్యా?”

“మగ గొంతు వినపడుతోంది.”

“సినిమాలోదే అత్తయ్యా.”

“ఇప్పటిదాకా ఇందులో మగవాడు రాలేదు కదే.”

“వస్తాడేమో. మిషనులో ఉన్నది మగ దెయ్యమేమో. ఉండండి, మంచి పట్టులో ఉంది.”

నాకూ వినపడింది. దూరం నుంచి, గొట్టంలోంచి వస్తున్నట్టు, “ఎవరైనా ఉన్నారా” అని. ఇలాంటి సినిమాల్లో అందరూ అనే మాటే అది. నేను ఆపలేదు. నా నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: “దూరపు మగ గొంతు అద్భుతం. దీనికే ఒక దిండు ఎక్కువ ఇవ్వొచ్చు.” ఆ పేజీ మీకు ఇచ్చాను. చింపేద్దామనుకున్నాను, చింపలేదు.

పది ముప్ఫై ఆరుకు అత్తయ్య నా చేతిలోంచి రిమోట్ లాక్కున్నారు.

“ముప్ఫై ఒక్క ఏళ్ళు గొంతులు విన్నదాన్ని. నటించేవాడు ఊపిరి చూసుకుని అరుస్తాడు. ఇతను ఊపిరి అయిపోయాక కూడా అరుస్తున్నాడు. ఇది మనిషి!”

సినిమా ఆగింది. గొంతు ఆగలేదు.

పది ఇరవై ఐదు నుంచి పది ముప్ఫై ఆరు దాకా. పదకొండు నిమిషాలు.

వంటగది కిటికీ పక్కన గాలి కోసం వదిలిన సందు ఉంది. అన్ని అంతస్తుల బాత్‌రూముల వెంటిలేటర్లూ అందులోకే. అక్కడ నిలబడి విన్నాము. గొంతు కిందనుంచి వస్తోంది. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, మెట్లు దిగి మాస్టారి తలుపు కొట్టాము. లోపల గడియ. చెప్పులు వేసుకున్నామో లేదో నాకు గుర్తులేదు. అత్తయ్య వేసుకోలేదని తరువాత చూశాను.

తలుపు పగలగొట్టమని అత్తయ్య అనలేదు, నేనే పగలగొట్టాను. నా దగ్గర ఉన్నది కళ్ళజోడు మరలు తిప్పే స్క్రూడ్రైవరు, చిటికెన వేలంత. కనుక మెట్ల దగ్గర గోడకు వేలాడుతున్న ఎర్ర సిలిండరు, మంటలు ఆర్పేది, తీసుకుని గడియ ఉన్నచోట కొట్టాను. ఐదు దెబ్బలు. నాలుగో దెబ్బకు సిలిండరు పిన్ను ఊడిపోయి తెల్లపొడి బుస్సున వచ్చింది. ఐదో దెబ్బకు తలుపు తెరుచుకుంది. టైము పది నలభై ఒకటి.

మాస్టారు బాత్‌రూములో వెల్లకిలా పడి ఉన్నారు. కాలు ఉండాల్సిన వైపు లేదు. అరచి అరచి గొంతు బొంగురుపోయింది. ఆ స్థితిలో తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ మమ్మల్ని చూశారు. మేమిద్దరం జుట్టు నుంచి పాదాల దాకా తెల్లగా ఉన్నాము. ఆయన కెవ్వుమన్నారు.

“భయపడకండి మాస్టారూ, మేం పైనుంచి వచ్చాం,” అన్నారు అత్తయ్య.

ఆయన కళ్ళు మూసుకుని, “అప్పుడే టైమైపోయిందా?” అన్నారు.

అత్తయ్యకు నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. ఏడుస్తూనే నవ్వాను. మీ కానిస్టేబుల్ గారు పది యాభైకి వచ్చేసరికి అత్తయ్య మాస్టారి తల ఒళ్ళో పెట్టుకుని చెంచా నీళ్ళతో పెదవులు తడుపుతున్నారు, నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. ముగ్గురం తెల్లగానే ఉన్నాము. కానిస్టేబుల్ గారు రెండడుగులు వెనక్కి వేసిన మాట వాస్తవం. ఇద్దరు ఆడవాళ్ళు తలుపు పగలగొడుతున్నారని మా బిల్డింగు సెక్రటరీ గారు ఫోన్ చేస్తే వచ్చానని ఆయన చెప్పారు.

మాస్టారు శనివారం సాయంత్రం ఏడున్నరకు జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. పదిహేను గంటలు పిలిచారు. బిల్డింగులో అందరికీ వినపడింది. విన్నట్టు నాతో ఏడుగురు ఒప్పుకున్నారు. “మీ సినిమా అనుకున్నాం” అన్నారు ఏడుగురూ. ఆ సమయంలో మా తలుపుకు తాళం వేసి ఉంది. నాలుగో అంతస్తువాళ్ళు ఆ తాళం ముందునుంచే దిగారు, ఆ తాళం ముందునుంచే ఎక్కారు.

విని కూడా రానివాళ్ళ మీద ఫిర్యాదు ఇస్తావా అని ఆఫీసర్ గారు అడిగారు. ఇవ్వను. ఇస్తే మొదటి పేరు నాదే రాయాలి. వాళ్ళు సినిమా అనుకుని ఊరుకున్నారు. నేను మెచ్చుకుంటూ కూర్చున్నాను. పదకొండు నిమిషాలు.

సోమవారం మా బిల్డింగు సెక్రటరీ గారు ఇచ్చిన ఫిర్యాదులో మూడు విషయాలు ఉన్నాయని చదివి వినిపించారు. తలుపు పగలగొట్టాను, నిజం. సిలిండరు పాడుచేశాను, నిజం. మెట్లు కడిగింది కూడా నేనే, అది ఆయన రాయలేదు. మూడోది, ఈ దెయ్యం సినిమాల కార్యక్రమం బిల్డింగులో శాశ్వతంగా ఆపించాలని. దీనికి నేను ఒప్పుకునేదాన్నే. ఆ వారం నోట్‌బుక్ తెరవలేదు. ఇక మానేద్దామని అత్తయ్యతో అన్నాను. “మాస్టారిని అడిగి మానెయ్,” అన్నారు.

మొన్న ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ఆసుపత్రికి వెళ్ళాము. ఆపరేషన్ అయి, మాస్టారు దిండ్ల మధ్య కూర్చుని ఉన్నారు. ముందుగా ఆయన అన్నది ఇది:

“సౌండ్ మీద నేనిచ్చిన ఫిర్యాదులు వెనక్కి తీసుకోను. సౌండ్ ఎక్కువే.”

“తీసుకోకండి. ఎక్కువే కదా,” అన్నారు అత్తయ్య.

“ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు అక్కగారూ. నేను చూడదగ్గ సినిమా ఏదన్నా ఉంటే చెప్పండి. ఇంతవరకు ఒక్కటీ చూడలేదు.”

మా పద్ధతి ప్రకారం నేను అడిగాను. “మీకు దేనికి భయం మాస్టారూ?”

ఆయన కాసేపు దుప్పటి అంచు సరిచేసుకున్నారు. “చీకటికి కాదమ్మా. చావుకీ కాదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడేది. మా తలుపు దగ్గర ఆగేది. తరువాత వెళ్ళిపోయేది. దానికి.”

పంతొమ్మిదేళ్ళలో ఎన్నో కళ్ళకు అద్దాలు బిగించాను. ఆ కళ్ళలోకి చూడటం మాత్రం కష్టమైంది. పిలిచే గొంతులున్న సినిమాలన్నీ మనసులోనే పక్కన పెట్టేశాను. ఒక పెద్ద ఇంట్లో గదులు ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి ఎక్కువ వచ్చే సినిమా ఉంది. రెండున్నర దిండ్లు. అది ఫోన్‌లో పెట్టాను. మాస్టారు పెన్సిలు అడిగారు. గదులు ఆయనా లెక్కపెట్టారు, ఆయనకూ ఒకటి ఎక్కువే వచ్చింది. “అన్యాయం!” అని మంచం మీద చెయ్యి చరిచి, పసిపిల్లాడిలా నవ్వారు. మొదటి కేకకే నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. సినిమా అని తెలిసి కోప్పడి వెళ్ళింది.

సినిమా అయిపోయాక, ఆమె వెళ్ళిన వైపే చూస్తూ మాస్టారు, “ఇందులో కేకలు కూడా లెక్కపెట్టానమ్మా. పద్నాలుగు,” అన్నారు. తరువాత, “నువ్వు ఈ పని మానొద్దు. వచ్చే వారం ఇంట్లో ఇదే సినిమా వెయ్యి. లెక్క రాసి పెట్టు,” అని, ఏం రాయాలో చెప్పారు. ఆ చీటీ ఆదివారం సాయంత్రం ఐదింటికి మెట్ల దగ్గరి బోర్డుకు అతికించాను. అందులో ఉన్నది ఇదే:

“వచ్చే ఆదివారం పది గంటలకు మూడో అంతస్తులో సినిమా. కేకలు పద్నాలుగు. పదిహేనోది వినపడితే అది మనలో ఎవరిదో. వెంటనే రావలెను. మిగతా రోజుల్లో మొదటి కేకకే రావలెను.”

నిన్న మంగళవారం సాయంత్రం ఆరుంపావుకు బీరువా సొరుగులో నా వేలు నలిగింది. గట్టిగానే అరిచాను. నిమిషం కాలేదు, తలుపు దబదబా మోగింది. తీస్తే సెక్రటరీ గారు. నాలుగో అంతస్తు నుంచి వగరుస్తూ దిగొచ్చారు, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి వాళ్ళావిడ చెప్పు.

“ఇవాళ ఆదివారం కాదు కదమ్మా?” అన్నారు.

కాదన్నాను. నా వేలు చూసి, ఐస్ పెట్టుకోమని చెప్పి, నెమ్మదిగా మెట్లు ఎక్కి వెళ్ళారు. ఫిర్యాదు మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. అందుకే ఈ బుధవారం వచ్చి ఇదంతా చెప్పాను.

నన్నెవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. రాసింది చదివి వినిపించారు. ఒకచోట ‘దిండు’ అని ఉండవలసింది ‘దండు’ అని పడితే దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పిందే, చెప్పిందంతా జరిగిందే.

(సంతకం. కుడిచేతి వేలికి కట్టు ఉన్నందున ఎడమచేత్తో చేయడమైనది.)