బండికొక మంచిమాట

సుంకన్న అని ఒకడుండె. సేద్యగాడే, కష్టం చేసేవాడే, ఆ మాట కాదనకూడదు. కానీ ఆయన నోట్లోంచి ఒక్క మంచిమాట వచ్చిందని ఊర్లో ఎవరూ చెప్పలేదంట. వాన పడితే ఇదేం వానరా, చెత్త వాన, నా చేన్లో పడకుండా గట్టుమీద పడింది అనేవాడంట. పూజారి ప్రసాదం చేతిలో పెడితే కండ్లకద్దుకొని, నోట్లో వేసుకొని, బెల్లం తక్కువయింది అనేవాడంట, పూజారితోనే. వంక లేనమ్మ డొంక పట్టుకొని ఏడ్చిందంటారు సూడు, ఆయమ్మకు సొంత అన్న అనుకో ఈ సుంకన్న. పెండ్లాం పోయినేడు చచ్చిపోయింది. ఇంట్లో పొయ్యి ముట్టించే దిక్కులేదని కొడుకు మద్దిలేటికి పెండ్లి చేసినాడు. లింగమ్మ అని ఒక పిల్ల కోడలుగా వచ్చింది. ఆ పిల్ల సంగటి కెలికి పెడితే ఇది సంగటా అంబలా అన్నాడంట. మర్నాడు కొంచెం గట్టిగా కెలికితే, దీంతో గోడ కట్టుకోవచ్చు అన్నాడంట. మద్దిలేటి నోరెత్తడు, ఎత్తితే దాంట్లోనూ వంక పెడతాడని.

అని ఊరుకుంటాడా, ముద్ద ఎత్తుకపోయి పారేస్తాడు. యాడ పారేస్తాడంటే, అదీ కథ. ఆయన పెరట్లో ఆయన ఎరువుదిబ్బ ఉండాది. దాంట్లో వెయ్యడు. 'ఈ చెత్త నా దిబ్బకు గూడా పనికిరాదు' అని గోడ మీంచి అవతలికి, పక్కింటి నాగులమ్మ దిబ్బలోకి విసిరేవాడంట. దిబ్బకు గూడా మర్యాద చూసే మనిషి మరి. సంగటొకటేనా, చొప్ప బాగలేదని చొప్ప, బూడిద నల్లగుందని బూడిద, ఎద్దు పేడేస్తే ఇదేం పేడ అని పేడ గూడా అవతలికే. నాగులమ్మ ముసలామె, సెంటు భూమి లేదు, కోళ్లు పెట్టుకొని బతుకుతాంది. గోడ మీంచి ఏది పడినా ఏమనేది కాదు, పైన ఇన్ని నీళ్లు చల్లేది. లింగమ్మ సంగటి నిజంగా బాగుండేదా అని మీరడుగుతారు. నేను తినలేదు. నాగులమ్మ కోళ్లు తిన్నాయి, అవి ఏమీ అనలేదు, లావెక్కినాయి అంతే.

ఏమైందంటే, ఎండలు ముదిరినాయి. తొలకరి లోపల ఊరంతా దిబ్బలు తవ్వి ఎరువు చేన్లకు తోలుకుంటాండారు. సుంకన్న గూడా పార భుజానేసుకొని పెరట్లోకి పోయినాడు. పోతే దిబ్బ ఏదీ? కోళ్లగూడంత గూడా లేదంట. బాగున్నవే నా దిబ్బలో వేస్తాననేవాడు, ఆయన కంటికి బాగున్నది ఏదీ కనపడకపోయె. పోనీ ఊర్లో ఎవరినన్నా అడుగుదామంటే, అందరి ఎరువునూ చెత్త అని తిట్టినోడే, ఎవరిస్తారు? ఇంక కోపమంతా లింగమ్మ మీదికి తిరిగింది. పోయినేడు నా దిబ్బ ఇంటెత్తు ఉండె, నువ్వు కాలు పెట్టినావు, దిబ్బే ఎండిపాయె, ఎరువు లేకుంటే జొన్న యాడ పండుతాది, రేపు బండి కట్టి నిన్ను మీ అన్న ఇంట్లో దింపి వస్తా అన్నాడంట. ఆ పిల్లకు అమ్మానాయనా లేరు. అన్న ఉండాడు గానీ, వదినె గడప తొక్కనీయదు. ఇంక యాడికి పోతాది? చీరలు మూటగట్టుకొని పోయి నాగులమ్మ అరుగు మీద కూచొని ఏడ్చిందంట. మద్దిలేటి ఇంటి ముందర గుంజ పట్టుకొని నిలబడినాడు, గుంజకూ ఆయనకూ తేడా లేదనుకో.

నాగులమ్మ అంతా వినింది. గోడ కాడికి వచ్చి సుంకన్నను పిలిచి, నా దిబ్బ ఉండాది, తోలుకోపో నాయనా అనిందంట. సుంకన్న చూస్తే, దిబ్బ ఆమె గుడిసె కంటే ఎత్తుండాది. ఎంత ఇయ్యల్ల అన్నాడు. నాకు రూకలొద్దు, గింజలొద్దు, బండికొక మంచిమాట చెప్పు, నువ్వు పారేసినవాటి గురించే చెప్పు అనిందంట. ఇదెంత పని అని బండి తోలకొచ్చినాడు. తోలకొచ్చినాడే గానీ మాట రాదే! ఎండకు కాదు, మాట రాక చెమట పట్టిందంట. ఊరంతా పనులిడిసి చూస్తాండారు. చివరికి, 'సంగటి... వేడిగా ఉండేది' అన్నాడంట. వేడి మంచిదే, నింపండ్రా అనింది నాగులమ్మ. రెండో బండికి బూడిద మెత్తగుందన్నాడు. ఇంకో బండికి మా ఎద్దుల పేడ మంచిది అంటే, ఎద్దులు రెండూ తల తిప్పి చూసినాయంట.

అట్ల అట్ల కడపటి బండికి వచ్చినాడు. అడుగున ఉండే నల్లని ఎరువు అదంతా. ఆకాశం ఉరుముతాంది. ఈ బండికి లింగమ్మ గురించి చెప్పు అనింది నాగులమ్మ. సుంకన్న మూతి బిగించి, అంతా బాగుంది పెద్దమ్మా, పోయినేడు నా దిబ్బకు నీ దిబ్బ సాటి వచ్చేదా, ఈ పిల్ల వచ్చినాకనే గదా ఇట్లయింది అన్నాడంట. అప్పుడు ఆ ముసలామె చెప్పింది.

"పోయినేడు నువ్వు విసిరిందంతా నీ పెండ్లాం గంపకెత్తుకొని పోయి మళ్లీ నీ దిబ్బలోనే పోసేది, సుంకన్నా. నీకు తెలియకుండా చేసేది, తెలిస్తే తిడతావని. సచ్చేదాకా ఆయమ్మ నీ నోట ఒక్క మంచిమాట వినలేదు."

గోడ కాడ ఒక పాత గంప బోర్లించి ఉండాది. సుంకన్న దాన్నే చూస్తా నిలబడినాడంట. ఆయనకు కండ్లలో నీళ్లు వచ్చినాయంట, దాంట్లో సిగ్గేముంది, వస్తాయి. చినుకు మొదలైంది. అప్పుడు అరుగు పక్కకు తిరిగినాడు.

"ఆకలైతాంది లింగమ్మా. ఇంటికి పోదాం పా. నువ్వు కెలికితేనే తింటా" అన్నాడు.

ఇది మంచిమాటేనా కాదా అని ఊరోళ్లు నాగులమ్మ మొగం చూసినారంట. ఆయన దగ్గర ఇంతకు మించి లేదు, నింపండ్రా అనింది. ముందుగా పార పట్టింది మద్దిలేటే.

ఆ ఏడు జొన్న బాగా పండింది. సుంకన్న మారినాడా అంటే, మీరు గూడా ఏందండీ, అట్ల యాడన్నా మారుతారా? ఎరువు తోలిన ఆ రాత్రే సంగటి నోట్లో పెట్టుకొని ఉప్పు తక్కువ అన్నాడంట. సగం తిన్నాడు, మిగిలిన ముద్ద ఎత్తుకొని లేచినాడు. గోడ దాకా పోయినాడు, ఆగినాడు, వెనక్కి తిరిగొచ్చి తన దిబ్బలో వేసినాడంట. ఆ పొద్దు మొదలు అట్లనే, తిట్టేది తిడతానే ఉండె, వేసేది మాత్రం తన దిబ్బలోనే. లింగమ్మ సుఖంగా కాపురం చేసుకునింది. నాగులమ్మ కోళ్లే చిక్కిపోయినాయంట, పాపం.